ఇరవై ఆరు డిగ్రీల గది

మా హెడ్‌మాస్టరు మునికృష్ణప్పగారి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకి, అద్దం బిగించిన ప్రశంసాపత్రం ఒకటి వేలాడుతోంది. కరెంటు ఖర్చు లేకుండా తరగతి గదిని చల్లగా ఉంచినందుకు మా బడికి ఇచ్చారు. కింద నా పేరు కూడా ఉంది, ప్రతిమ, సహశిక్షకి, అంటే అసిస్టెంటు టీచరు అని. ఆ గదిలోకి పోవాల్సి వచ్చినప్పుడల్లా తల దించుకుని పోయి, తల దించుకునే వస్తాను. వినయంతో కాదు. దాన్ని చూడలేక.

జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎవరినీ వెనకేసుకు రాను, నన్ను కూడా.

కర్ణాటకలో, బాగేపల్లి తాలూకాలో గూళూరు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే మిట్టబండపల్లి వస్తుంది. నేను పుట్టింది చింతామణిలో, కాపురం బాగేపల్లిలో. పొద్దున గూళూరులో బస్సు దిగి బడికి, ఇక్కడి మాటలో శాలెకి, నడవడం, సాయంత్రం మళ్లీ గూళూరు దాకా నడవడం, పదకొండేళ్లుగా ఇదే. నాలుగు, అయిదు తరగతులు రెండూ ఒకే గదిలో, రెండూ నావే. ముప్పై ఒక్క మంది పిల్లలు.

ఆ గది సంగతి ముందు చెప్పాలి. ఆరేళ్ల కిందటి దాకా అక్కడ బండల మిద్దె ఉండేది. మూరెడు మందం గోడలు, పైన రాతిబండలు, బండల మీద సున్నపు గచ్చు, పైకప్పు కింద గాలికి కన్నాలు. ఏప్రిల్ నెలలో కూడా అందులో కూర్చుంటే హాయిగా ఉండేది. ఒక మూల వాన కారుతోందని ఇంజనీరు వచ్చి చూసి, శిథిలం అని రాసి పోయాడు. ఆ మూలకి నాలుగు బుట్టల గచ్చు వేయిస్తే సరిపోయేది. మొత్తం పడగొట్టారు. ఎవరో దాత ముందుకొచ్చాడని ఆ చోట పలచటి సిమెంటు ఇటుకల గోడలు లేపి, పైన నీలం రంగు రేకులు పరిచారు. కిటికీలు రెండూ ఒకే గోడకి, అదీ పడమర వైపు. అంటే గాలి వచ్చినా పోయే దారి లేదు, ఎండ మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి పిల్లల మొహాల మీదే ఉంటుంది. రిబ్బను కత్తిరించింది డిసెంబరులో. చలిలో నిలబడి అందరూ బాగుందన్నారు.

ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి ఆ గది అసలు గుణం బయటపడుతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక పిల్లల తలలు బల్లల మీదికి వాలిపోతాయి. చొక్కాలు వీపులకి అంటుకుంటాయి. ముప్పై ఒక్క మంది చెమట, సాంబారు, కాలిన రేకు, అన్ని వాసనలూ కలిసి ముద్ద అవుతాయి. దాన్ని పీలుస్తూ నేను భిన్నాలు చెప్పాలి, వాళ్లు వినాలి. ఫాను ఒకటి ఉంది. తిరిగితే రేకు కింద ఉడికిన గాలిని తెచ్చి మా నెత్తిన కుమ్మరిస్తుంది. అదీ తిరగదు. పదకొండు గంటలకల్లా మునికృష్ణప్పగారు మెయిన్ స్విచ్ ఆపేసి, ఆ పెట్టె తాళంచెవి జేబులో వేసుకుంటారు. మా బడికి కరెంటు బిల్లు తక్కువ వస్తుందని ఒకసారి ఏదో సమావేశంలో ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయన తలకెక్కి ఇంకా దిగలేదు.

నాలుగో తరగతిలో అర్పిత అని ఒక పిల్ల ఉంది. అమ్మానాన్న బెంగుళూరులో మేస్త్రీ పనికి పోయారు, అవ్వ తిమ్మక్క దగ్గర పెరుగుతోంది. నేను బోర్డు మీద లెక్క తప్పు వేస్తే లేచి నిలబడి చెప్పేది ఆ ఒక్కతే. ఆ పిల్లకి వేడి పడదు. గది కాగిందంటే ముక్కులోంచి రక్తం కారుతుంది. బాగేపల్లి ఆసుపత్రిలో చూపిస్తే జబ్బేమీ లేదు, చల్లటి చోట ఉంచండి అన్నారు.

ఆ నెలలో రెండోసారి రక్తం కారిన రోజు తిమ్మక్క బడికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి రేకుల వైపు ఒకసారి చూసింది.

"అమ్మా, నీకు దండం పెడతా. నా మనవరాలిని ఇట్ల ఉడకబెట్టొద్దు. గంగాధరప్ప పురుగుల షెడ్డులో చల్లగుండాది. నాతోపాటు ఆడికే తీసుకపోతా, ఆకు తరుక్కుంటాది."

"చదువు పోతాది తిమ్మక్కా. ఈ పిల్ల చదవాల్సిన పిల్ల."

"నేను కాదంటినా? ఈ కప్పు మార్పించు, పంపిస్తా. మార్చకపోతే సెలవులు అయిపోయినాక కూడా పంపను. ఇప్పుడే చెప్తాండా."

గంగాధరప్ప అంటే మా బడి కమిటీకి అధ్యక్షుడు. ఊళ్లో పెద్ద మల్బరీ తోట ఆయనది, తిమ్మక్కకి ఆ తోటలోనే కూలి. ఆయన పట్టుపురుగులు మేపే షెడ్డుకి కూడా పైన రేకులే. కాని రేకుల మీద రెండు వరసల కొబ్బరిమట్టలు పరిచి ఉంటాయి, వాటి మీద పొద్దున, మధ్యాహ్నం నీళ్లు కొడతారు. చుట్టూ వరండా, ఎండ గోడకి తగలదు. నేలకి దగ్గరగా ఒక వరస కిటికీలు, పైన చూరు కింద ఇంకో వరస, చల్లగాలి కింద నుంచి వచ్చి వేడి పై నుంచి పోతుంది. కిటికీలకి తడి గోనెపట్టాలు. మా గదికి ఏమేం కావాలో అన్నీ ఆయనకి తెలుసు, వేలిమడతల మీద చెప్తాడు. పురుగుకి ఇరవై అయిదు, ఇరవై ఆరు డిగ్రీలు దాటితే ఆయనకి అన్నం దిగదు.

తిమ్మక్క వచ్చిన మర్నాడే ఆయన్ని అడిగాను, మా గది మీద కూడా మట్టలు వేయించమని. మనిషి మంచివాడే. సరేనని బండి నిండా మట్టలు పంపాడు. మునికృష్ణప్పగారు గేటు దగ్గరే ఆపేశారు.

"గవర్నమెంటు శాలె మీద మట్టలా మేడం? గుడిసె మాదిరి కనిపిస్తాది. రేపు పైనోళ్లు ఫోటో పంపమంటే ఏం పంపాల?"

బండి వెనక్కి పోయింది. ఆ రోజు మా గదిలో ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు. అది ఫోటో తీసి పంపమని ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే కిశోర్ వచ్చాడు. బెంగుళూరులో ఏదో సంస్థ తరపున పనిచేసే కుర్రాడు, మోటారు సైకిలు మీద ఊరూరూ తిరుగుతున్నాడు. జిల్లాలో ఇరవై బడులు ఎంచుకున్నారట. ఒక్కో బడిలో ఒక గదికి సబ్బుపెట్టె అంత తెల్ల డబ్బా తగిలిస్తారు. అది ప్రతి పావుగంటకీ గదిలో వేడి ఎంతుందో గుర్తుపెట్టుకుంటుంది, పైన అంకెల్లో చూపిస్తుంది కూడా. నలభై అయిదు రోజుల తర్వాత లెక్క తీసి, అన్నిటికన్నా వేడి ఎక్కువున్న మూడు గదులకి సంస్థ ఖర్చుతో కప్పు బాగుచేస్తారు. రేకుల మీద ఎండని తిప్పికొట్టే తెల్లపూత, కింద మందపాటి పలకలు, ఎదురుగోడకి కిటికీలు, చూరు కింద గాలికి దారి.

డబ్బా ముట్టినట్టు నా చేత సంతకం చేయించుకుని, దాన్ని బోర్డు పైన మేకుకి తగిలిస్తూ కిశోర్ చెప్పాడు, "దీన్ని మాత్రం కదపకండి మిస్. ఇది చెప్పిందే మాకు లెక్క."

మధ్యాహ్నం రెండింటికి డబ్బా మీద ముప్పై ఏడు కనిపించింది. వేడిని చూసి సంతోషపడటం నా జన్మలో అదే మొదటిసారి. తిమ్మక్కని పిలిపించి అంకె చూపించాను. ఉగాది దాకా ఓపిక పట్టు, కప్పు మారుతుంది అన్నాను. ఆమె అర్పితని పంపుతూ వచ్చింది. పిల్లని గుమ్మం పక్కన కూర్చోబెట్టి, తడిగుడ్డ మెడ మీద వేసి, ఎట్లాగో నెట్టుకొచ్చాను.

పధ్నాలుగు రోజులు గడిచాయి. శివరాత్రి ముందు రోజు సాయంత్రం బడి విడిచాక గంగాధరప్ప వచ్చాడు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక గూడు కట్టేదాకా ఉండే వారం, పది రోజులు ఆ ఇంటి పంటకి ప్రాణగండం. ఆ వీధిలో మిరపకాయలు వేయించరు. బీడీ తాగేవాళ్లు ఆ పక్కకి పోరు. ఆ రోజుల్లో ఆ ఇంటివాళ్లు వచ్చి ఏదైనా అడిగితే ఎవరూ లేదనరు. నిచ్చెన కావచ్చు, మనిషి సాయం కావచ్చు, ఇచ్చి పంపాల్సిందే. ఆ తర్వాత పంట దెబ్బతింటే లేదన్నవాళ్ల పేరు ఊళ్లో చెప్పుకుంటారు.

"ప్రతిమమ్మా, నా మీటరు కింద పడి పగిలిపోయినాది. పురుగు నిన్ననే నాలుగో జ్వరం లేచినాది. ఎంత వేడుండాదో తెలీక కాళ్లూ చేతులూ ఆడ్డం లేదు. ఆ డబ్బా రెండు దినాలు ఇయ్యమ్మా. శిడ్లఘట్టకి పోయి కొత్తది తెచ్చుకుంటా."

"దాన్ని కదపకూడదన్నారప్పా."

"ఈ గోడకి తగిలించింది ఆ గోడకి తగిలిస్తా. అది చేసే పని యాడున్నా అదే కదా. రేపు మీకు సెలవు, వట్టి గదిలో ఎవరికి చెప్తాది?" అని, వెళ్లబోతున్న నా సంచీ చూసి, "ఈ ఎండలో నడిచి పోతారా మీరు? మా నాగేశ్ గూళూరులో దింపుతాడు. దినామూ దింపమంటా" అన్నాడు.

నాగేశ్ ఆయన కొడుకు. బండి అప్పటికే గేటు దగ్గర ఉంది.

బల్ల ఎక్కి మేకు నుంచి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని తీయించలేదు. రెండు రోజులే కదా అనుకున్నాను. పధ్నాలుగు రోజుల వేడి అప్పుడే దాని కడుపులో ఉంది కదా, అది యాడికి పోతుంది అనుకున్నాను. బండి వెనక కూర్చుంటే మొహానికి గాలి తగిలి సుఖంగా అనిపించింది. ఆ సుఖం తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

రెండు రోజులు అయిపోయాయి. అడిగితే, పురుగు ఆకు మీద పడి తింటాంది, ఇప్పుడు తీస్తే ఎట్ల అన్నాడు. వారం తర్వాత, పురుగు గూటికెక్కతాంది అన్నాడు. గూళ్లు విప్పి శిడ్లఘట్ట మార్కెట్టుకి తోలాక, కొత్త బ్యాచి దించినాను, ఈ చిన్న పురుగుకే ఇంకా జాగ్రత్త అన్నాడు. శిడ్లఘట్టకి పోయినవాడు మీటరు మర్చిపోయి వచ్చాడు. ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? చేతిలో బంగారంలాంటి డబ్బా ఉంది. నేను గట్టిగా అడగలేదు. సాయంత్రం నాలుగున్నరకి బండి వచ్చి గేటు దగ్గర ఆగేది. నేను ఎక్కేదాన్ని.

ఉగాదికి రెండు రోజుల ముందు సాయంత్రం, కిశోర్ వస్తున్నాడని తెలిసి, డబ్బా తెప్పించి మేకుకి తగిలించాను. మర్నాడు పొద్దున్నే కిశోర్ వచ్చి దాన్ని సంచీలో వేసుకున్నాడు. ఇంకా గుడిబండె వైపు రెండు బడులు తిరగాలని తొందరలో ఉన్నాడు.

"మధ్యలో ఇబ్బంది ఏమైనా అయిందా మిస్?"

పక్కన మునికృష్ణప్పగారు నిలబడి ఉన్నారు. "లేదు" అన్నాను. ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పండగ అయ్యాక ఒక రోజు మునికృష్ణప్పగారు ఫోను చెవిన పెట్టుకునే మా గదిలోకి వచ్చారు. ఆయన మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఇరవై బడుల్లోకీ మన గదే చల్లనిదట. మొదట్లో వేడిగా ఉండి, శివరాత్రి నుంచి ఉన్నట్టుండి ఇరవై ఆరుకి దిగిపోయి, ఎండలు ముదిరినా అక్కడే నిలబడిందట. కరెంటు బిల్లు చూస్తే ఏమీ లేదట. కరెంటు లేకుండా ఇంత చల్లదనం ఎట్లా సాధించారో చూడటానికి బెంగుళూరు నుంచి సంస్థ పెద్దావిడే వస్తోందట. మన దగ్గరే సభ, మనకే ప్రశంసాపత్రం.

"మరి కప్పు?" అన్నాను.

"చల్లగుండే గదికి కప్పెందుకు మేడం? అది వేడిగుండే వాల్లకి."

ఆయన్ని పక్కకి పిలిచి ఉన్నదంతా చెప్పాను. చివరిదాకా విన్నారు.

"ఇంకెవరికి చెప్పినారు?"

"మీకే."

"అయితే నాతోనే నిలిచిపోనీ. ఇచ్చింది మీరు, సంతకం మీది, పోయేది మీ ఉద్యోగం. కమిటీ అధ్యక్షుడి పరువు పోతాది. శాలె పేరు పోతాది. పోయినాక కప్పొస్తాదా? రాదు."

లెక్క సరిగానే వేశారు. అందులో పిల్లలు ఎక్కడా తగల్లేదు.

సభ రోజు నా కళ్లతో చూసినవి చెప్తే ఎవరూ నమ్మరు. కరెంటు ఆదా చేసినందుకు సన్మానం కదా, దానికి బాడుగ జనరేటరు వచ్చింది. అతిథుల కుర్చీల వెనక రెండు కూలర్లు పెట్టి, అవి కనపడకుండా బ్యానరు కట్టారు. బ్యానరు మీద పచ్చటి ఆకు బొమ్మ. నర్సరీ నుంచి కుండీలు తెచ్చి కిటికీల్లో పెట్టారు, ఉన్న కాస్త గాలి కూడా పోయింది. మునికృష్ణప్పగారు పిల్లలకి మూడు రోజులు తర్ఫీదు ఇచ్చారు. గది ఎట్లుందని ఎవరడిగినా, తంపాగిదె, అంటే చల్లగా ఉంది అని కన్నడంలో చెప్పాలి. మాట స్పష్టంగా ఉంటుందని అర్పితని ముందు వరసలో కూర్చోబెట్టారు.

పదిన్నరకి రావాల్సినవాళ్లు చిక్కబళ్లాపురంలో టిఫిను చేసి, అక్కడి ఆఫీసులు రెండు చూసుకుని, ఒకటిన్నరకి వచ్చారు. అప్పటిదాకా పిల్లలు ఆ రేకుల కింద కదలకుండా కూర్చున్నారు. జనరేటరు అతిథులు వచ్చాకే వేశారు. డీజిలు పొగ కిటికీలోంచి లోపలికి తిరిగింది. కూలర్ల గాలి కుర్చీల వీపుల దాకా వచ్చి ఆగిపోయింది.

సంస్థ పెద్దావిడ నెమ్మదైన మనిషి. కొంగుతో మెడ తుడుచుకుంటూ, చల్లగదిలో ఇంత చెమట ఎందుకు పడుతోందో అర్థం కానట్టు ఒకసారి పైకి చూసింది. తర్వాత ముందుకు వంగి అర్పితని కన్నడంలో అడిగింది, ఈ గదిలో చదువుకోవడం ఎలా ఉంది తల్లీ అని.

అర్పిత లేచి నిలబడింది. పైపెదవి మీద చెమట, చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "తంపాగిదె మేడం" అంది. అని నా వైపు చూసింది. సరిగ్గా చెప్పానా మిస్ అన్నట్టు.

బోర్డు మీద నా తప్పులు దిద్దే పిల్ల. నేను చేసిన తప్పుకి దాని చేత అబద్ధం ఆడించి, పైగా దానికి మార్కులు వేయాలి నేను. లేచి మైకు అందుకున్నాను.

"ఈ గది చల్లగా లేదు. ఎప్పుడూ లేదు. మీ డబ్బా పధ్నాలుగు రోజులే ఇక్కడుంది. ఆ తర్వాత నెల రోజులు పట్టుపురుగుల షెడ్డులో ఉంది. తీసి ఇచ్చింది నేనే. ఇరవై ఆరు డిగ్రీలు పురుగులకి, పిల్లలకి కాదు."

మునికృష్ణప్పగారు నవ్వుతూ లేచి ఇంకో మైకు తీసుకున్నారు.

"మేడమ్‌కి ఎండదెబ్బ తగిలినట్టుండాది" అన్నారు. జిల్లాలోకెల్లా చల్లటి తరగతి గదిలో నిలబడి అన్నారు ఆ మాట. 

పెద్దావిడ అధ్యక్షుడి వైపు చూసింది. గంగాధరప్ప ఏమాత్రం తడబడలేదు.

"అవునమ్మా, నా దగ్గరే ఉన్నింది. పాడు చేసిండ్లేదు. తుడిచి తెచ్చిచ్చినాం కదా" అన్నాడు. తప్పు చేశానని ఆయనకి నిజంగానే తెలియదు. వస్తువు చెడకుండా తిరిగొచ్చింది కాబట్టి ఆయన లెక్కలో అంతా సరిపోయింది.

కిశోర్ మొహం పాలిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచి వేలితో వేడి గీత వెంట పోతూ ఒకచోట ఆగాడు. శివరాత్రి ముందు రోజు సాయంత్రం అయిదు గంటలకి ఒక్కసారిగా తొమ్మిది డిగ్రీలు పడింది. ఆ రోజు నుంచి మిస్ కిటికీలు తెరవడం, గోడలు తడపడం మొదలుపెట్టారని రాసుకున్నామన్నాడు.

"రాత్రీ పగలూ, ఆదివారం కూడా ఒకటే వేడి ఉంటే మీకు అనుమానం రాలేదా?" అని అడిగాను.

"ఆశ్చర్యపోయాం మిస్" అన్నాడు. దాని మీద నివేదికలో రెండు పేజీలు రాశారట.

తర్వాత అతను గొంతు తగ్గించి నాకొక్కదానికే వినపడేలా చెప్పాడు, "మొదటి పధ్నాలుగు రోజులు మాత్రమే తీసుకుంటే ఇరవై బడుల్లో మీ గదే అన్నిటికన్నా వేడి. మొదటి కప్పు మీదే అయ్యుండేది."

ఇప్పుడు మార్చడానికి లేదట. మూడు బడులకీ పని మొదలైపోయింది, సామాను దిగిపోయింది. వచ్చే ఏడు మళ్లీ కొలిచే పథకం ఉంటే చూద్దామంది పెద్దావిడ. ఆమెకి కోపం రాలేదు. కోపం వచ్చి నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది. ప్రశంసాపత్రం ఎటూ పేరుతో సహా అచ్చయింది, పేపరు ఫోటోగ్రాఫరు బాగేపల్లి నుంచి వచ్చి కూర్చున్నాడు, పిల్లల ఉత్సాహం చెడగొట్టకూడదు అన్నారు ఎవరో. అందుకని ఇచ్చేశారు. మునికృష్ణప్పగారు రెండు చేతులా అందుకున్నారు. ఫోటోలో నేను లేను, పత్రం మీద పేరు ఉంది. ఆ పైన అందరూ భోజనానికి లేచారు. జనరేటరు ఆపేశారు.

మర్నాడు అర్పిత రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు మెమో వచ్చింది, సంస్థ వస్తువుని అనుమతి లేకుండా ఇతరులకి ఇచ్చినందుకు సంజాయిషీ చెప్పమని. రాసిచ్చాను. నాగేశ్ బండి రావడం మానేసింది, అది మంచిదే అయింది.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు దగ్గరికి పోయాను. గంగాధరప్ప వరండాలో కూర్చుని మల్బరీ కట్టలు విప్పుతున్నాడు. దారిలో ఆలోచించుకున్నదే అడిగాను.

"అప్పా, సెలవులకి ఇంకో వారమే ఉండాది. ఈ వారం మధ్యాహ్నం రెండు గంటలు మా పిల్లోల్లని ఈ వరండాలో కూర్చోబెట్టుకుంటా. లోపలికి అడుగు పెట్టనీయను."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నువ్వడిగితే కాదనేది కాదమ్మా. ఒకరిద్దరైతే కాళ్లు కడిగించి రానిస్తా. ముప్పై మంది పిల్లోల్లు, ఏం తొక్కొస్తారో, యాడ ఉమ్ముతారో. పురుగుకి రోగమొస్తాది."

కమిటీ అధ్యక్షుడు, మట్టలు పంపిన మనిషి, మనసులో ఏ కల్మషమూ లేకుండా చెప్తున్నాడు.

"అర్పితని చూసి పోతాను" అన్నాను.

గుమ్మం దగ్గర మందు కలిపిన నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికి అడుగు పెట్టాను. తడి గోనెల వాసన, ఆకు వాసన. పొద్దుటి నుంచి రేకు కింద ఉడికిన ఒళ్లు ఒక్కసారిగా వదులైంది. తట్టల్లో వేల పురుగులు ఆకు కొరుకుతుంటే చిన్నగా చినుకులు పడుతున్న చప్పుడు. మూల గోనె మీద కూర్చుని అర్పిత ఆకు తరుగుతోంది. ముక్కు చుట్టూ శుభ్రంగా ఉంది. చెంపల ఎరుపు పోయింది. పక్కనే నాలుగో తరగతి లెక్కల పుస్తకం, ఆకు తడి తగలకుండా కాగితం చుట్టి ఉంది.

దాని పక్కన కూర్చున్నాను. పిల్లని బడికి తీసుకుపోవడానికే వచ్చాను. దారి పొడుగునా ఏం చెప్పాలో, తిమ్మక్కని ఎట్లా ఒప్పించాలో అనుకుంటూ వచ్చాను. తీసుకుపోయి ఎక్కడ కూర్చోబెట్టాలి అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ కూర్చున్నాకే ఎదురొచ్చింది.

అర్పిత కత్తి పక్కన పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుంది. మొన్న సభలో చూసినట్టే నా మొహంలోకి చూసింది.

"మిస్, రేపట్నించి వచ్చేదా శాలెకి? మీరు రమ్మంటే అవ్వకి చెప్పొస్తా."

"వద్దు" అన్నాను.

పదకొండేళ్లలో ఒక పిల్లతో ఆ మాట అనడం అదే మొదలు. అర్పిత తల ఊపి మళ్లీ కత్తి తీసుకుంది. బడి గంట కొట్టడం అక్కడిదాకా వినిపించింది. అవతల ముప్పై మంది ఆ రేకుల కిందికి పోయి కూర్చుని ఉంటారు. నేను లేవాలి. లేవబుద్ధి కాలేదు, ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.